చూడకుండా రాసిన వాక్యం

సబీనా రాసిన మొదటి రిపోర్టులో ఇంజనీర్ కానియా ఒక్క మాట కూడా కొట్టెయ్యలేదు. పన్నెండు పేజీలు. ఒక్కో పేజీ తిప్పి చూసుకుంది. ఎక్కడా ఎర్రగీత లేదు. లోలోపల పొంగిపోయింది. చివరి పేజీ అడుగున మాత్రం పెన్సిలుతో చిన్న అక్షరాలు కనిపించాయి: "ఇందులో నువ్వు రాసింది ఎక్కడుందో చూపించు."

చూపించడానికి ఏమీ లేదు. పీఠిక ఏడేళ్ల కిందట చదువు ముగించి వెళ్లిపోయిన ఎవరిదో. పరికరాల వర్ణన అంతకంటే పాతది. ముగింపు ఇంకెవరిదో. మధ్యలో ఉన్న అంకెలు మాత్రమే ఆమెవి.

ఆ ఇంజనీరింగ్ కాలేజీలో అందరూ అలాగే రాసేవారు. హాస్టల్ రెండో అంతస్తులో బెనోన్ అనే కుర్రాడి మంచం కింద బంగాళాదుంపల గోనెసంచి ఒకటి ఉండేది. దాని నిండా పాత రిపోర్టులు. పై తరగతివాళ్లు వెళ్లిపోతూ వెళ్లిపోతూ కింది తరగతికి అప్పగించి పోయేవారు. దానికి 'నానమ్మ' అని పేరు పెట్టారు. ఏ వేళకు వెళ్లి చెయ్యి చాచినా కడుపు నింపి పంపుతుందని. "రేపటికి రిపోర్టు ఇవ్వాలి, ఎలారా?" అంటే "నానమ్మనడుగు" అనేవాడు బెనోన్, మంచం మీంచి లేవకుండానే.

సబీనాకి నానమ్మ అవసరం మిగతావాళ్లకంటే ఎక్కువ. ఆమె సిలేసియా అనే గనుల ప్రాంతంలో ఒక బొగ్గుగనివాడి కూతురు. ఇంట్లో మాట్లాడే మాట వేరు, బళ్లో రాసే పోలిష్ వేరు. హైస్కూల్లో ఒక టీచరమ్మ ఆమె వ్యాసాన్ని క్లాసంతటికీ చదివి వినిపించి, "ఇది వంటింట్లో రాసినట్టుంది" అని నవ్వించింది. ఆ నవ్వు సబీనా వీపుకి అంటుకుపోయింది. అప్పట్నుంచి కాగితం ముందు కూర్చుంటే తన మాట ఒక్కటీ బయటికి రాకుండా చూసుకునేది. పెద్దపెద్ద మాటలు, పరాయి మాటలు, ఎవరి ఒంటికి కుట్టిన చొక్కాలో తెలియని మాటలు తెచ్చి తొడిగేది.

కానియా ఆమెను ల్యాబుకి పిలిచాడు. అది నేలమాళిగ, వీధి మట్టానికి ఒక్క కిటికీ. కిరసనాయిలు, గ్రీజు కలిసిన వాసన మెట్ల దగ్గరే ఎదురొచ్చేది. గని లిఫ్టుల్ని మోసే ఉక్కుతాళ్లను పరీక్షించే చోటు అది. గనులవాళ్లు ఆరు నెలలకోసారి తాడు చివర్న, లిఫ్టుకి బిగించే చోట, రెండు మూడు మీటర్లు కోసి పంపేవారు. ఇక్కడ ముందు పైకి ఎలా ఉందో చూసి రాసి, తరవాత పేట పేటగా విప్పి, తీగ తీగగా విడదీసి, ఒక్కో తీగనీ లాగి, మెలిపెట్టి, ఇటూ అటూ వంచి తెగేదాకా లెక్కపెట్టేవారు. ఆ రిపోర్టు చూసుకునే గనిలో మనుషులు లిఫ్టు ఎక్కేది. కానియాకు డాక్టరేటు లేదు. పొట్టిమనిషి. యాభై దాటాయి, ఇంకా కింది హోదాలోనే ఉన్నాడు. కానీ చుట్టుపక్కల పద్నాలుగు గనుల్లో తాడు రిపోర్టు వస్తే మొదట చూసేది కింద ఎవరి సంతకం ఉందనే. కానియా అని ఉంటే మడిచి ఫైల్లో పెట్టేవారు. ఇంకెవరిదైనా ఉంటే ఫోన్ చేసేవారు.

ఆయన బల్ల మీద ఒక తీగముక్క పెట్టాడు. "ఏముంది?"

"నమూనా యొక్క బాహ్య ఉపరితలము..."

"ఆగు. మీ నాయన ఏం చేస్తాడు?"

"గనిలో, ఇంజనీర్ గారూ."

"అయితే మీ నాయనకు జెప్పు. ఇంట్ల ఎట్ల మాట్లాడుతవో అట్లనే. ఏం గనబడుతున్నది?"

సబీనా తెల్లబోయింది. కాలేజీలో ఆ మాటతీరు వినడం అదే మొదలు. ఆయనదీ ఆ గనివాళ్ల వీధులే. నెమ్మదిగా నోరు తెరిచింది. "తీగ... గీడ సన్నగైంది. లాగితె మెడ సన్నబడ్డట్టు. తెగిన కాడ గిన్నె లెక్క గుంత బడ్డది. ఇంకో ముక్కల గా గుంతల గూసునే బొడిపె ఉన్నది."

"గదే రాయి. రాసినంక రాజధాని వార్సాలో ఉన్నవాడికి కూడా అర్థమయ్యే మాటల్లోకి మార్చు. మార్చేటప్పుడు గిన్నె పోకూడదు, బొడిపె పోకూడదు."

ఆమె రాసింది. నాలుగు వాక్యాలు. వాటి కోసం రెండు గంటలు పట్టింది. కానియా ఒకటి కొట్టేశాడు, మూడు ఉంచాడు. తన మాటలు మూడు వాక్యాలు ఒకరి బల్ల మీద నవ్వులపాలు కాకుండా నిలబడటం సబీనాకి అదే మొదటిసారి.

గురువారాల్లో ఒక ఆట ఉండేది. కానియా దాన్ని ఆట అనేవాడు కాదు గానీ పిల్లలకు ఆటే. పరీక్ష ఎలా చెయ్యాలో ఒకరు కాగితం మీద రాయాలి. ఇంకొకరు ఆ కాగితం పట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు చెయ్యాలి. ఒక్క ముక్క ఎక్కువ చెయ్యకూడదు. రాసినవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని, నోరు మూసుకుని చూస్తూ నిలబడాలి.

ఆ వారం బెనోన్ రాసింది సబీనా చెయ్యాలి.

"తీగను బిగించవలెను," అని చదివి సబీనా తీగను తన పళ్ల మధ్య బిగించింది.

గదంతా గొల్లున నవ్వింది. బెనోన్ ముఖం కందగడ్డయింది. "పళ్లతో అని రాశానా?"

"నోరు!" అన్నాడు కానియా. "రాసినవాడు పక్కన ఉండడు. వాడు ఇంటికెళ్లి పడుకుని ఉంటాడు. కాగితం ఒక్కటే ఉంటుంది."

"తరువాత హేండిలు తిప్పవలెను." సబీనా కిటికీ హేండిలు తిప్పింది. డిసెంబరు గాలి జివ్వున లోపలికొచ్చింది.

"మూయమ్మా తల్లీ, నీకు దణ్ణం!" అని బెనోన్ అరిచాడు. కానియా కూడా నవ్వాపుకోలేక అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చూశావటోయ్, నీ కాగితంతో ల్యాబంతా చలిపట్టింది. కూర్చుని మళ్లీ రాయి. ఏ హేండిలు, ఎటువైపు, ఎన్ని చుట్లు."

ఆ గురువారాల్లోనే సబీనాకి రాయడం పట్టుబడింది. కాగితం ఒంటరిగా వెళుతుందనీ, దాని వెంట తను వెళ్లి సర్దిచెప్పలేననీ అర్థమైంది. ఇది రాయి, అది వద్దు అని కానియా చెప్పేవాడు కాదు. "ఎన్ని?" అనేవాడు. "ఎక్కడ?" అనేవాడు. "చూశావా, అనుకున్నావా?" అనేవాడు. ఈ మూడో ప్రశ్నకే అందరూ నీళ్లు నమిలేవారు.

మూడో ఏడు చివర, జూన్‌లో, గనులనుంచి వచ్చే అసలు తాళ్లు చూసే పని ఆయన ఆమెకిచ్చాడు. విద్యార్థులకు అది దొరికే పని కాదు. తూర్పువైపు గని రెండో బావి తాడు వచ్చింది. సబీనా దాన్ని కిటికీ కిందికి లాక్కుని, మోకాళ్ల మీద కూర్చుని, పొద్దుటి వెలుతురులో గుడ్డముక్కతో అంగుళం అంగుళం తుడిచి చూసింది. చూసి ఇలా రాసింది: "ఆరు పేటల మీదా గ్రీజు సమంగా పట్టి ఉంది. తుడిచిన ప్రతి చోటా తీగలు శుభ్రంగా, కొత్త సూదుల్లా మెరుస్తున్నాయి. తుప్పు మచ్చ లేదు, తెగిన తీగ లేదు."

కానియా దాన్ని రెండుసార్లు చదివాడు. సూదుల దగ్గర కొట్టేస్తాడనుకుంది. కొట్టెయ్యలేదు. లేచి వెళ్లి, నల్లబల్ల మీద ఆ మూడు వాక్యాలూ సుద్దతో రాసి, "వారం దాకా ఎవరూ తుడవకండి" అన్నాడు. "ఇది చదివితే తాడు చూసినట్టే."

సబీనా ఆ వారమంతా ఏదో ఒక వంకతో నేలమాళిగకు వెళ్లి ఆ బల్లను చూసి వచ్చేది.

నాలుగో ఏడు డిసెంబరు మూడున అదే బావి తాడు మళ్లీ వచ్చింది. మర్నాడు పునీత బార్బరా పండుగ. గనివాళ్లకు అంతకంటే పెద్ద పండుగ లేదు. తెల్లారకముందే బ్యాండుమేళం వీధుల్లో తిరిగి అందర్నీ లేపుతుంది. సబీనా తండ్రి ఆలోయిజ్ ఆ మేళంలో ట్యూబా ఊదేవాడు. ఈ ఏడు ఎలాగైనా వస్తానని మాటిచ్చింది. మధ్యాహ్నం మూడున్నరకి బస్సు.

ఆమె ల్యాబుకి వచ్చేసరికి ఒంటిగంట. బెనోన్ అప్పటికే తాడు విప్పేసి, కిరసనాయిల్లో కడిగేసి, తీగలు వరసగా పేర్చి పెట్టాడు. సాయం చేస్తున్నాననుకున్నాడు పాపం.

"అయ్యో, నేను పైన చూడకముందే విప్పేశావేంట్రా?"

"నీకే బస్సుందని తొందరపడ్డాను. చూడ్డానికేముంది సబీ, తాడు తాడులాగే ఉంది. జూన్‌లో చూశావుగా."

ఒక మూర తాడు విప్పకుండా నూనెకాగితంలో చుట్టి బీరువాలో దాచడం ల్యాబులో ఆనవాయితీ. ఆ ముక్క అక్కడే ఉంది. తీసి, చుట్టు విప్పి, కిటికీ దగ్గర తుడిచి చూడాలంటే అరగంట. సబీనా గడియారం చూసింది. తీగలు బిగించి వంచడం మొదలుపెట్టింది. అంకెలన్నీ నిజాయితీగానే రాసింది. వంపులు జూన్‌లోకంటే రెండు మూడు తక్కువ వచ్చాయి, హద్దులోపలే. కొన్ని తీగల మీద గోధుమరంగు చారలు కనిపించాయి. కడగడం చాలక మిగిలిన గ్రీజు అనుకుంది.

అనుకుంది. ఆ మాట ఆ తరవాత జీవితమంతా ఆమె వెంట నడిచింది.

పైరూపం రాయాల్సిన చోట జూన్ రిపోర్టు తీసి ఎదురుగా పెట్టుకుని, తన మూడు వాక్యాలూ పొల్లుపోకుండా దించింది. నానమ్మ సంచిలోంచి తియ్యలేదు, ఇంకొకరి సొత్తు ముట్టుకోలేదు. తన వాక్యాలే. అంత బాగా కుదిరిన వాక్యాల్ని మళ్లీ రాసుకుంటే తప్పనిపించలేదు. పైగా రాస్తుంటే ఆ సుద్ద అక్షరాలు గుర్తొచ్చి కొంచెం గర్వంగా కూడా అనిపించింది. బస్సు అందుకుంది. తెల్లారి మంచులో తండ్రి బుగ్గలు ఉబ్బించి ట్యూబా ఊదుతుంటే పక్కన నడిచింది.

కానియా రిపోర్టు చూశాడు. వంపులు తగ్గిన చోట పెన్సిలు ఆగింది. పైరూపం చదివాడు. సంతకం పెట్టాడు.

జనవరి మధ్యలో ఒక ఉదయం, రెండో బావి తాడును చూసే మనిషి లిఫ్టు బిగింపుకి కొంచెం పైన తెగిన తీగలు రెండు పట్టుకున్నాడు. గీకి చూస్తే లోపలంతా తుప్పు గుంటలు. లిఫ్టు ఆపేశారు. ఒకటిన్నర రోజు బావి మూతపడింది. తాడు మార్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ గనుల భద్రతాధికారుల దగ్గర్నుంచి కాలేజీకి ప్రశ్న వచ్చింది: ఆరు వారాల కిందట తుప్పు మచ్చ లేదని రాసిందెవరు? బీరువాలోని నూనెకాగితం విప్పారు. మశూచి పోసిన ముఖంలా ఉంది తాడు.

ఆ ఆదివారం ఇంట్లో భోజనాల దగ్గర అదే మాట. తల్లి బంగాళాదుంప ముద్దలు వడ్డించింది. మధ్యలో బొటనవేలితో నొక్కిన గుంటల నిండా మాంసం పులుసు పోసింది. ఆలోయిజ్ ఫోర్కు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"తూర్పు బాయిల ఒక్కో ట్రిప్పుకు నలభై మంది దిగుతరు. గా తాడు సూడకుంట బాగున్నదని రాసిండంట ఎవడో. గసొంటోన్ని పట్కొచ్చి మాతోని లిఫ్టుల నిలబెట్టాలె. ఒక్క షిఫ్టు సాలు."

"నీ కాలేజోళ్లే గద బిడ్డా?" అంది తల్లి. "నీకెర్కనా ఎవరో?"

"ఎర్కలేదమ్మా."

"ఎట్ల ఎర్కైతది, వాళ్లు పెద్ద పెద్దోళ్లు," అన్నాడు తండ్రి. "తిను, సల్లారుతున్నది."

సబీనా తింది. రెండోసారి వడ్డిస్తే అదీ తింది. వద్దంటే ఎందుకని అడుగుతారని.

విచారణ జరిగింది విభాగాధిపతి ప్రొఫెసర్ లీపా గదిలో. సబీనా ఆ పొద్దున చెప్పేద్దామనే వెళ్లింది. దారంతా వాక్యం కూర్చుకుంటూ వెళ్లింది. నడవాలో తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల్నుంచి మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"ఈ వర్ణన రాసింది మీరు కాదని నాకు తెలుసు కానియా గారూ," అంటున్నాడు లీపా. "చేతిరాత ఆడపిల్లది. విద్యార్థి తప్పయితే విద్యార్థిని పంపించేస్తాం, విషయం అక్కడితో తెగిపోతుంది. పేరు చెప్పండి."

"కింద సంతకం నాది."

"అదే అంటున్నాను, మీకెందుకీ గొడవ? ఇరవై రెండేళ్ల సర్వీసు."

"సంతకం నాది, ప్రొఫెసర్ గారూ. చూడకుండా పెట్టింది నేను."

సబీనా చెయ్యి తలుపు పిడి మీద ఉంది. నెడితే చాలు. ఇంకా ఏడాదిన్నర చదువుంది. పంపించేస్తే ఇంటికి వెళ్లి తండ్రికి ఎందుకొచ్చావో చెప్పాలి. పంపించేస్తారన్న భయం కంటే అదే పెద్దది. చెయ్యి తీసింది. రెండడుగులు వెనక్కి వేసింది. తలుపు తెరుచుకుని కానియా బయటికొచ్చాడు, ఆమెను చూశాడు. ఇప్పుడు కూడా లోపలికి వెళ్లవచ్చన్నట్టు తలుపు వెయ్యకుండా పట్టుకుని నిలబడ్డాడు. సబీనా నేల చూసింది. ఆయన మెల్లిగా తలుపు వేసి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

కానియా సంతకం చెల్లదని పద్నాలుగు గనులకూ కాగితాలు వెళ్లాయి. ఆయన్ని విభాగం లైబ్రరీకి మార్చారు. పుస్తకాల మీద తేదీ ముద్ర వెయ్యడం పని.

"నోరు మూసుకుని ఉండు," అన్నాడు బెనోన్. "విప్పింది నేను, రాసింది నువ్వు. ఇద్దరం పోతాం. ఆయనకు ఉద్యోగం ఉందిగా."

"ఉద్యోగమా అది?"

"మరి వెళ్లి చెప్పు. నేను అడ్డమా?"

మార్చిలో వెళ్లింది. లైబ్రరీలో ఇంకెవరూ లేరు. కానియా కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆ చేతులకు గ్రీజు లేకపోవడం వింతగా ఉంది.

"కూసో బిడ్డా," అన్నాడు. "ఏమన్న జెప్పొచ్చినవా?"

ఆయన అంత సులువు చేసి పెట్టాడు. అవునంటే చాలు.

"లేదు ఇంజనీర్ గారూ. పుస్తకం కోసం."

"ఏ పుస్తకం?"

సబీనాకి లోకంలో ఒక్క పుస్తకం పేరు కూడా గుర్తు రాలేదు. కానియా లేచి, దగ్గరి అరలోంచి చేతికందింది తీసి, ముద్ర వేసి, ఆమె ముందుకు తోశాడు. "పదిహేను రోజుల్లో తెచ్చివ్వాలి." ఈసారి మాట కాలేజీ మాట. మళ్లీ ఎప్పుడూ ఆమెతో ఇంటి మాట మాట్లాడలేదు.

ఆ పుస్తకాన్ని సబీనా బెనోన్ చేత వాపసు పంపింది.

పట్టా వచ్చింది. ఆమె థీసిస్‌కి ఆ ఏటి మొత్తంలో రాతకు ఎక్కువ మార్కులు పడ్డాయి. కృతజ్ఞతల పేజీలో మొదట కానియా పేరు పెట్టింది. ఎందుకని అడుగుతారేమోనని తీసేసింది. ఎవరి పేరూ లేకపోతే బాగుండదని లీపా పేరు పెట్టింది.

కటోవీత్సే నగరంలో గనుల కార్యాలయంలో ఉద్యోగం. చిన్నవాళ్లకు రిపోర్టులు రాయడం నేర్పించే పని తనే అడిగి మరీ తీసుకుంది. ఒకరు రాసింది ఇంకొకరి చేత చేయించేది, రాసినవాళ్లను చేతులు కట్టుకుని నిలబడమనేది. "ఇదెక్కడ నేర్చుకున్నారు మేడమ్?" అని అడిగేవారు. "మాకు ఇలాగే నేర్పారు" అనేది. ఎవరు నేర్పారో చెప్పేది కాదు. తన చేతికిందినుంచి వెళ్లే ప్రతి రిపోర్టులో పాత వాక్యం ఏదైనా ఉందేమోనని పాతవి తీసి పక్కపక్కన పెట్టి చూసేది. అందుకు ఆమెను చాదస్తమనేవారు. తండ్రి బతికున్నన్నాళ్లూ ఆయనకూ చెప్పలేదు. ఆయన పోయాక చెప్పనక్కరలేదు కదా అనిపించి ఒక పూట తేలికపడింది. ఆ తేలికకు సిగ్గుపడింది. ఇలా పందొమ్మిదేళ్లు గడిచాయి.

ఒక నవంబరు ఉదయం బెనోన్ ఫోన్ చేశాడు. అతనిప్పుడు బట్టతల, బొజ్జ, ఒక గనికి ఉప మేనేజరు. "కానియా పోయాడు సబీ. నిన్న. వాళ్లావిడ నిన్ను రమ్మంటోంది."

"నన్నా? ఎందుకు?"

"చావు నోటీసు నువ్వు రాయాలట."

ఆ ఊళ్లలో మనిషి పోతే నల్ల అంచు కాగితం అచ్చువేసి చర్చి తలుపు మీద, ఇంటి గుమ్మం మీద, బస్టాపు గోడ మీద అంటిస్తారు. పేరు, వయసు, ఏం చేసేవాడు, ఎప్పుడు పూడుస్తారు. నలుగురూ ఆగి చదివి టోపీ తీసి వెళతారు.

కానియా భార్య గిజేలా వంటింట్లో కూర్చుని ఉంది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన ముఖం. గ్లాసులో టీ పోసి ముందుపెట్టింది, గళ్ల కాగితం, పెన్ను పెట్టింది.

"రాయి. నువ్వు మంచిగ రాస్తవని అప్పట్ల ఆయననేటోడు."

సబీనా పెన్ను పట్టుకుంది. పేరు రాసింది. వయసు రాసింది. "తాళ్ల ల్యాబొరేటరీ ఇంజనీర్" అని రాసి ఆగింది. పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"అమ్మా, ముందు ఒకటి చెప్పాలి. రెండో బావి తాడు... ఆ వాక్యం నాది. నేను చూడకుండా రాశాను. ఆయన నా పేరు చెప్పలేదు."

గిజేలా ముఖంలో ఏ మార్పూ రాలేదు. "ఎర్కే."

"ఆయన చెప్పారా?"

"ఆయనెందుకు జెప్తడు. జూన్ల గా సూదుల మాట ఇంటికొచ్చి నాకు సదివి ఇనిపిచ్చిండు. ఒక పిల్ల రాసిందని మురిసిండు. జనవరిల గా కాగితం తెచ్చి గీ బల్ల మీదనే పెట్టిండు. గవే మాటలు. ఒక్క తాడు రెండుసార్లు ఒక్క తీర్గనే ఉంటదానే గిజేలా, అన్నడు. రెండోసారి సదివినప్పుడు గూడ నాకు నచ్చింది, నచ్చిందనే తాడు తీసి సూడలే, అన్నడు. గది ఆయన తప్పు. ఆయనది ఆయన మోసిండు."

సబీనా ఏడుస్తోంది. గిజేలా ఓదార్చలేదు.

"నిన్ను మన్నించిండని నేను జెప్ప. అబద్ధం ఎందుకు? నీ పేరొస్తె లేశి అవుతలికి పొయ్యేటోడు. తప్పు జేశినందుకు గాదు. లైబ్రరీకొచ్చి పుస్తకం అడిగినవంట గద. గందుకు."

టీ చల్లారింది. గిజేలా కాగితం తన వైపు తిప్పుకుని, రాసింది చూసి, వేలితో తట్టింది. "గిది సగమే. తాళ్ల ల్యాబుల ఎన్నేండ్లు, లైబ్రరీల ఎన్నేండ్లు, రెండూ రాయి. తారీఖులు ఎయ్యి."

"తేదీలు వేస్తే అందరూ అడుగుతారమ్మా. ఎందుకు మార్చారని. ఆయన పేరు మీద..."

"అడగనీ. గీ ఊర్ల అందరు అనుకుంటనే ఉన్నరు, ముసలోడు తాగి సంతకం వెట్టిండని. అడిగితె జెప్పెటోళ్లు ఒకరు ఆడ ఉండాలె. నువ్వుండు."

సబీనా రాసింది. ఇరవై రెండేళ్లు తాళ్ల పరీక్ష, తరవాత తొమ్మిదేళ్లు లైబ్రరీ. ఏ తేదీనుంచి ఏ తేదీ దాకా. నాలుగు వాక్యాలు. ఆమె జీవితంలో అంత చిన్న కాగితం మీద అంతసేపు ఎప్పుడూ కూర్చోలేదు.

అంత్యక్రియల రోజు సన్నటి వాన. సబీనా గంట ముందే వెళ్లి చర్చి తలుపు పక్కన, నోటీసు కింద నిలబడింది. వచ్చినవాళ్లు ఆగి చదువుతున్నారు. చాలామంది చదివి లోపలికి వెళ్లిపోయారు. బెనోన్ వచ్చాడు, చదివాడు, ఆమె ముఖం చూశాడు, గొడుగు మూసుకుని లోపలికి నడిచాడు.

ప్రొఫెసర్ లీపా చేతికర్రతో వచ్చాడు. అద్దాలు పైకి తోసుకుని చదివాడు. "ఈ తేదీలెవరు వేశారు? ఇప్పుడివి అవసరమా?"

"నేనే రాశాను ప్రొఫెసర్ గారూ. ఆ రోజు మీరడిగిన పేరు నాదే. తాడు చూడకుండా పాత రిపోర్టులోది దించింది నేను. ఆయన మీకు చెప్పలేదు. నేను తలుపు బయటే ఉన్నాను."

లీపా చేతికర్ర మీదికి వంగాడు. "నీ థీసిస్‌కి నేను..." అని ఆగిపోయాడు. తల అడ్డంగా ఊపి, "ఇప్పుడు చెప్పి ఎవరికి మేలమ్మా?" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆయన వెనకే నిలబడి విన్నాడు ఒక ముసలాయన. గనివాళ్లు వేడుకలకు వేసుకునే నల్ల దుస్తులు, చంకలో ఈకల టోపీ. ముందుకొచ్చి నోటీసు చదివాడు. తేదీ మీద వేలు పెట్టాడు.

"ఏ బాయమ్మా గది?"

"తూర్పు గని, రెండో బావి."

"తాడు మార్చిన ఏడాదే గద. డిసెంబరు నుంచి జనవరి దాక?"

"ఆరు వారాలు."

ముసలాయన పెదవులు కదిలాయి. షిఫ్టులు లెక్కపెట్టుకుంటున్నాడని ఆమెకు అర్థమైంది. పొద్దు షిఫ్టు, రాత్రి షిఫ్టు, దిగడం, ఎక్కడం.

"నేను గా బాయిలనే దిగేటోన్ని," అన్నాడు. "మా తమ్ముడు గూడ."

సబీనా నోరు తెరిచింది. ఆయన చెయ్యెత్తి వద్దన్నాడు. కోపంగా కాదు, ప్రేమగానూ కాదు. టోపీ ఈకల మీది వాన దులుపుకుని, లోపలికి వెళ్లాడు. గంట మోగడానికి ఇంకా పావుగంట ఉంది. మెట్ల కింద ఇద్దరు ఆడవాళ్లు గొడుగు పట్టుకుని పైకి వస్తున్నారు. తలుపు దగ్గర ఆగారు. ఒకామె నోటీసు బయటికి చదువుతూ తేదీల దగ్గరికొచ్చి, "లైబ్రరీకా? ఎందుకు మార్చారో?" అంది పక్కామెతో.

"నేను చెబుతానండీ," అంది సబీనా.